తాళ్లరేవులో పడవ ఎట్ల పుడుతుంది

మాలూరు పిల్లోల్ని పడవ బొమ్మ గీయమంటే కాగితం పడవ గీస్తారు. వాళ్లకు తెలిసిన పడవ అదే. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు ఒకటీ లేదు. పాలారు మన జిల్లాలో నుంచే పోతుందని బడిలో చదువుకున్నాము, కానీ అది నిండుగా పారగా చూసినోళ్లు మన లైన్లలో ఎంతమంది ఉంటారు? ఆ పాలారే తమిళనాడంతా దాటుకుని కల్పాక్కం పక్కన సముద్రంలో కలుస్తుంది. అంటే మన కాడ పడిన వాన చుక్కకు కూడా సముద్రం దారి తెలుసు, మనకే తెలియదు. మన చెరువుల్లో చేపలు పట్టేవాళ్లు లారీ ట్యూబు మీద కూర్చుని వల వేస్తారు. చానామందికి అంతకు మించిన పడవతో పని పడలేదు.

అట్లాంటి ఊళ్లో, మా లైన్లో మూడో ఇంట్లోకి రెండేళ్ల కిందట ఒక పిల్లోడు బాడుగకు దిగినాడు. కాకినాడ పక్కన తాళ్లరేవు వాళ్లది. కాంట్రాక్టరు పట్టుకొచ్చిన పన్నెండు మందిలో ఒకడు. మిల్లులో ప్యాకింగు సెక్షను. మాట మాటకీ ‘ఆయ్’ అంటాడని మా పిల్లలు వానికి ‘ఆయ్ అన్న’ అని పేరు పెట్టినారు. ఒకనాడు మా ఇంటి తలుపు కింద చెక్క కుళ్లిపోతే, తన సంచిలో నుంచి బాడిస తీసి, అర్ధగంటలో పాత చెక్క కోసి కొత్తది అతికించినాడు. అతుకు యాడుందో గోరుతో గీకినా తగల్లేదు. “ఇంత పని వచ్చినోడివి డబ్బాలు కట్టేదానికి ఎందుకు వచ్చినావప్పా?” అని అడిగితే, “మా నాన్న సముద్రం పడవలు కడతాడక్కా. నాకు వచ్చింది అందులో పావలా వంతు” అన్నాడు.

పోయిన సంవత్సరం మే నెలలో పిల్లలకు సెలవలు వస్తే, వాడు ఊరికి పోతా ఉంటే మేమూ పోయినాము. బంగారపేటలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాకినాడలో దిగవచ్చు. రైలు సంగతి రాస్తే పేజీ చాలదు, వదిలేస్తాను.

తాళ్లరేవు కాకినాడ నుంచి యానాం పోయే రోడ్డు మీద ఉంటుంది. రోడ్డు మీద నుంచి చూస్తే అందరి ఊళ్ల మాదిరే ఒక ఊరు. టీ కొట్లు, సెల్ రీచార్జి అంగళ్లు. పక్కనే కోరంగి. గోదావరి సముద్రంలో కలిసే ముందు చీలిపోయిన పాయల్లో ఒకటి అక్కడ పారుతుంది. పాయ దాటితే మడ అడవి. ఉప్పునీళ్లలో వేళ్లు పైకి పెట్టుకుని నిలబడే చెట్లు. 1978లో దాన్ని కోరంగి అభయారణ్యం అని సర్కారు ప్రకటించింది. అడవికీ ఊరికీ నడుమ, పాయ గట్టు మీద, కొబ్బరి చెట్ల నీడలో పడవలు కడతారు. షెడ్డు లేదు, గేటు లేదు, బోర్డు లేదు. ఏటి గట్టున ఒక పెద్ద చేప అస్థిపంజరం పడి ఉన్నట్టు కనిపించింది నాకు. దగ్గరికి పోతే అదే పడవ.

పిల్లోని నాయన అప్పుడు దాని లోపల ఉన్నాడు. నేను మన అలవాటు కొద్దీ “ఏమయ్యా, బాగుండారా?” అన్నాను. ఆయన తల బయటికి పెట్టి, “అయ్యా ఏంటమ్మా, బాబాయ్ అను. మావోణ్ణి అన్నం పెట్టి చూత్తన్నావంట కదా” అన్నాడు. అప్పట్నుంచి బాబాయ్ అనే పిలిచినాను.

మేము పోయింది మంచి అదనులో. తూర్పు సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు, ఇంజను పడవలతో వేట చేయగూడదని నిషేధం ఉంది. చేప గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలు పడవలన్నీ గట్టుకు వస్తాయి. వేటకు పోయేవాళ్లకు చేతిలో పని ఉండదు, పడవ కట్టేవాళ్లకు అన్నం తినే తీరిక ఉండదు. ఏడాదంతా వాయిదా వేసిన మరమ్మతులన్నీ ఆ అరవై రోజుల్లోనే కావాల. మన మిల్లులో వార్షిక షట్‌డౌన్ అప్పుడు ఫిట్టర్లకు ఉండే పరుగే అక్కడ వడ్రంగులకు.

పడవ కట్టేదానికి కాగితం మీద ప్లాను ఉంటుందని నేను అనుకున్నాను. లేదు. ఎన్ని అడుగుల పొడుగు కావాల, ఏ వలకు, ఎంతమంది ఎక్కేదానికి అని పడవ యజమాని చెపుతాడు. మిగతాదంతా కట్టేవాని కంట్లో ఉంటుంది. ముందు అడుగుదూలం పరుస్తారు. పడవకు వెన్నెముక అదే. దానికి ఒక కొసన అణియం లేపుతారు, అది ముందు పక్క ముక్కు. ఇంకో కొసన అమరం, అది వెనక పక్క. ఈ రెండు మాటలు అక్కడ మామూలుగా వాడతారు. ‘అమరం కాడ కూకో’ అంటే చుక్కాని పట్టుకునే తావులో కూర్చోమని. తరువాత పక్కటెముకల మాదిరి వంపు కర్రలు నిలబెట్టి, వాటి మీద పలకలు ఒకదాని అంచుకు ఒకటి చేర్చి మేకులు కొడతారు. మేకులు తుప్పు పట్టకుండా జింకు పూత వేసినవి.

ఈ వంపు కర్రల కాడే పనితనమంతా ఉంది. నిటారు కర్రను చెక్కి వంపు తెస్తే సరిపోదా అని అడిగినాను. బాబాయ్ ఒక తునక తీసి చూపించినాడు. “ఈ గీతలు చూడమ్మా. కర్ర లోపల నరాలు ఇలా నిలువుగా ఎల్తాయి. నువ్వు వంపుగా కోత్తే ఈ నరాలు మధ్యలో తెగిపోతాయి. కెరటం కొట్టినప్పుడు అక్కడే ఇరుగుతాది. చెట్టే వంగి పెరిగిందనుకో, నరం కూడా దాంతో వంగుతాది. అది ఇరగదు.” అందుకే వాళ్లు వంకర తిరిగిన తుమ్మ కొమ్మల కోసం ఊళ్లూళ్లు వెతుకుతారు. నిలువు చెట్టుకు ఒక ధర, సరైన వంపు ఉన్న చెట్టుకు వేరే ధర. వంకర చెట్టుకు ఎక్కువ గిరాకీ ఉండే వ్యాపారం నేను ఇంకోటి చూడలేదు. మన కాడ అట్లాంటి చెట్టును ఇటుకల బట్టీకి తోలేస్తాము.

పలకలకు టేకు అన్నిటికన్నా మేలు. అంత డబ్బు లేకపోతే మద్ది, వేప, ఏది దొరికితే అది. “మీ ఊళ్లో ఏం చెట్లున్నాయి?” అని అడిగితే, మాలూరు చుట్టూ నీలగిరి తోపులే అని చెప్పినాను. ఆయన నోరు చప్పరించినాడు. నీలగిరి ఎండే కొద్దీ మెలి తిరిగి పగులుతుందట.

పలక దళసరిది, పడవ పక్క గుండ్రంది. దాన్ని వంచేది నేను కళ్లారా చూసినాను. కింద చెత్త మంట వేసి, పైన తడి గోనెసంచులు కప్పి, పలకకు కాకా పడుతూ, నీళ్లు చల్లుతూ, ఒక కొస బిగించి ఇంకో కొసను నలుగురు లాగుతారు. ఒకడు తొందరపడినా పలక పుట్టుక్కుమంటుంది. మా ఆయన చెయ్యి వేస్తానన్నాడు. వద్దన్నారు. మా లైన్ పిల్లోడు పోయి తండ్రి ఎదురుగా నిలబడినాడు. ఆ అర్ధగంట వాళ్లిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. పెద్దాయన గడ్డం కొంచెం ఎత్తితే వీడు లాగుతాడు, దించితే ఆపుతాడు. మిల్లులో రెండేళ్లుగా చూస్తాండాను వాణ్ణి, అంత నిదానంగా ఎప్పుడూ చూడలేదు.

పలకలన్నీ ఎక్కినాక సందులు పూడ్చేది ఇంకో పెద్ద పని. దూదిని తాడు మాదిరి పేని, నూనెలో తడిపి, మొద్దు ఉలి పెట్టి సుత్తితో సందుల్లోకి కూరతారు. పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద పట్టిస్తారు. పడవ నీళ్లలో దిగినాక చెక్క ఉబ్బుతుంది. ఉబ్బి, ఆ దూదిని నొక్కి పట్టుకుంటుంది. అంటే నీళ్లను ఆపేది సగం నీళ్లే. గట్టున చానా నాళ్లు ఎండిన పడవ దింపిన మొదటి రోజు కొంచెం కారుతుంది, ఎవరూ గాబరా పడరు. దూది కూరే తావులో మా చుట్టుపక్కల ఆడోళ్లు ఉండుంటే ఆ పని పది నిమిషాల్లో నేర్చుకుంటారనిపించింది. నూలు పేనేది మనకు కొత్తేం కాదు గదా. కానీ అక్కడ నేను చూసిన గట్టు మీద ఆడోళ్లు పడవ మీద చెయ్యి వేయలేదు. చేపలు అమ్మేది, ఎండబెట్టేది, అప్పులు తీర్చేది అంతా వాళ్లే. ఇది మాత్రం మగోళ్ల పని అన్నారు. ఎందుకు అంటే నవ్వినారు.

దింపేదానికి అమావాస్యో పున్నమో రావాల. ఆ రోజుల్లో పోటు పెద్దదిగా వస్తుంది, నీళ్లు గట్టు దాకా ఎక్కుతాయి. గంగమ్మకు టెంకాయ కొట్టి, కింద దుంగలు పరిచి దొర్లిస్తా తోస్తారు. గంగమ్మ పేరు వినగానే మా పాప “మన గంగమ్మేనా?” అంది. మన గంగమ్మ చెరువు కట్ట మీద ఉంటుంది, వాళ్ల గంగమ్మ కెరటం మీద. ఒకామెకు వాన రావాలని మొక్కుతాము, ఇంకొకామెకు తుపాను రాకూడదని మొక్కుతారు.

పడవలన్నీ ఇట్లే ఉంటాయనుకోవద్దండి. తీరం మారితే పడవ మారుతుంది. కోరంగి పాయల్లో నీళ్లు కదలవు కాబట్టి మేకులు కొట్టిన నావ సాగుతుంది. బయటి సముద్రపు ఒడ్డున, హార్బరు లేని తావుల్లో, కెరటం విరిగి పడవను ఇసకకేసి కొడుతుంది. మేకుల పడవ ఆ దెబ్బలకు వదులైపోతుంది. అందుకే మన తూర్పు తీరంలో పాతకాలం వాళ్లు పడవను కుట్టేవాళ్లు. అవును, బట్ట కుట్టినట్టే. పలకల అంచులకు బెజ్జాలు వేసి, నడుమ పీచు పెట్టి, కొబ్బరి తాళ్లతో బిగించి కుట్టడం. లోపల పక్కటెముకలు ఉండవు. కెరటం కొడితే పడవ మొత్తం కొంచెం వంగి మళ్లీ నిటారవుతుంది. ఇంగ్లీషోళ్లు దీన్ని మసూలా పడవ అన్నారు. మద్రాసుకు హార్బరు లేని రోజుల్లో పెద్ద ఓడ దూరంగా నిలబడితే, దొరలూ దొరసానులూ వాళ్ల పెట్టెలూ ఈ కుట్టు పడవల్లోనే ఒడ్డుకు వచ్చేవి.

ఇంకా పైకి, విశాఖపట్నం, శ్రీకాకుళం పక్క పోతే తెప్ప. తేలిక జాతి దుంగలు నాలుగైదు చెక్కి పక్కపక్కన చేర్చి కట్టేస్తారు. అందులోకి నీళ్లు వస్తే తోడే పని లేదు, వచ్చిన నీళ్లు సందుల్లో నుంచి పోతాయి. మునిగేదానికి దానికి కడుపే లేదు. వేట నుంచి రాగానే కట్లు విప్పి రెండు భాగాలు చేసి ఇసకలో ఎండబెడతారు, లేకుంటే దుంగ నీళ్లు తాగి బరువెక్కుతుంది. తమిళంలో దాన్నే కట్టుమరం అంటారు, అంటే కట్టిన మాను. ఇంగ్లీషులోని ‘కేటమరాన్’ ఆ మాటే. కోటీశ్వరులు పందేలకు వాడే తెల్లటి పడవల పేరు మన జాలర్ల ఇంటి మాట అని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఇప్పుడు కోరంగి సంగతికి వస్తాను. ఇది మన మిల్లు కుటుంబాలు తెలుసుకోవాల్సింది.

ఇప్పుడు చూస్తే కోరంగి చిన్న ఊరు. రెండు వందల ఏళ్ల కిందట అది ఈ తీరంలో పేరున్న ఓడరేవు. చేపల పడవలే కాదు, సముద్రం దాటే తెరచాప ఓడలు అక్కడ కట్టేవాళ్లు. 1802 ప్రాంతంలో ఒక ఇంగ్లీషు ఆసామి అక్కడ ఓడల మరమ్మతుకు డాకు కూడా కట్టించినాడు. ఆ ఓడలు బియ్యం, బట్టలు, కొయ్య మోసుకుంటూ బర్మా దాకా పోయేవి. సరుకు తరువాత మనుషులు పోయినారు. గోదావరి, విశాఖ జిల్లాల బీద జనం రంగూనుకు వలస కట్టినారు. మొదట తెరచాప ఓడల్లో, తరువాత ఆవిరి ఓడల్లో. ఎంతమంది పోయినారంటే, బర్మా వాళ్లు తెలుగోడు కనిపిస్తే చాలు, వాడు ఏ ఊరోడైనా సరే, ‘కోరంగీ’ అని పిలిచేవాళ్లు. ఊరి పేరు జాతి పేరై కూచుంది. ఆ పిలుపులో మర్యాద ఉండేది కాదు.

రంగూనులో వాళ్లు చేసిన పని ఏమిటి? బియ్యం మిల్లుల్లో బస్తాలు మోయడం, రేవులో ఓడల సరుకు ఎక్కించి దించడం, రిక్షా లాగడం. ఎట్ల పోయేవాళ్లు? మేస్త్రీ వచ్చి ముందుగా డబ్బు ఇచ్చేవాడు. ఓడ చార్జీ, ఇంటికి కొంత, పెళ్లికి కొంత. ఆ అప్పు తీరేదాకా కూలీ మేస్త్రీ మనిషే. కూలి ముందు మేస్త్రీ చేతికి పోయి, వాని కోతలు అయినాక మిగిలింది వీని చేతికి వచ్చేది. ఇది చదువుతా ఉంటే మీకు ఎవరైనా గుర్తుకొస్తాన్నారా? నాకు వచ్చినారు.

1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేసినారు. కంపెనీలు వీళ్లను పక్కన పెట్టి బర్మా కూలీలను పనిలోకి దించినాయి. కొన్ని దినాలకు కంపెనీలు దిగొచ్చి తెలుగోళ్లతో ఒప్పందం చేసుకున్నాయి. ఆ మాట బర్మా కూలీలకు సరిగా చెప్పినోళ్లు లేరు. మే 26 పొద్దున వాళ్లు ఎప్పటి మాదిరి పనికి వచ్చి, మీతో పని లేదు పొమ్మంటే, ఎదురుగా పనికి వస్తాండే తెలుగోళ్లు కనిపించినారు. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకి, వందమందికి పైగా చచ్చిపోయినారు. చచ్చిపోయినోళ్లలో ఎక్కువ మంది మన కూలీలే. ఇద్దరు బీదోళ్లను ఒకరి మీదికి ఒకరిని తోలినోళ్లు మాత్రం ఆ దినం వీధిలో లేరు. తరువాత 1941 డిసెంబరులో జపాను వాళ్లు రంగూను మీద బాంబులు వేసినారు. ఓడ దొరికినోళ్లు ఓడలో, దొరకనోళ్లు అడవులూ కొండలూ పట్టుకుని కాలినడకన, లక్షలమంది ఇండియాకు తిరిగొచ్చినారు. దారిలో రాలిపోయినోళ్లకు లెక్కే లేదు.

చిత్తూరు పల్లెల నుంచి మన తాతలు కేజీఎఫ్ గనులకు నడిచి వచ్చిన కాలమూ అదే. ఒకరు భూమి కిందికి దిగినారు, ఒకరు సముద్రం మీద పోయినారు. వడ్రంగులు రంధ్రాలు వేసే పనిముట్టును కూడా ‘బర్మా’ అంటారు. బాబాయ్ దాన్ని చేత్తో తిప్పుతా, “మా తాత బర్మా పట్టుకుని బర్మా ఎల్లాడమ్మా” అన్నాడు. తిరిగొచ్చినప్పుడు ఆ పనిముట్టు ఒక్కటే చేతిలో ఉందట.

కోరంగి ఎందుకు పడిపోయిందంటే రెండు కారణాలు. ఒకటి ఒండ్రు. గోదావరి తెచ్చిన మట్టి రేవును మెల్లగా పూడ్చేసింది, పెద్ద ఓడలు కాకినాడ పక్కకు తిరిగినాయి. రెండోది తుపాన్లు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి సముద్రం ఊరి మీదికి వచ్చేసింది. 1839లో మూడు లక్షలమంది పోయినారని చానా తావుల్లో రాస్తారు. అప్పటి ఆ తీరపు జనాన్ని తలచుకుంటే అది మరీ ఎక్కువ చెప్పినట్టే ఉంది. కానీ ఓడలు ఊళ్ల నడుమకు కొట్టుకొచ్చి పడినంత ఉప్పెన అది, ఆ దెబ్బకు రేవు మళ్లీ కోలుకోలేదు. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇట్లాంటి గాలివానల లెక్కలు పోగుచేస్తా, కోరంగి తుపాను గురించి కూడా రాసి, పాము చుట్ట చుట్టుకున్నట్టు తిరిగే ఈ గాలికి ‘సైక్లోన్’ అని పేరు పెట్టినాడు. మనం టీవీలో వినే మాట వెనక ఈ ఊరు కూడా ఉంది.

అది పాత కథ. తాళ్లరేవు వాళ్లు మరిచిపోలేనిది 1996 నవంబరు 6. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయినారు. సముద్రంలో వేటకు పోయి తిరిగిరానోళ్లే అందులో చానామంది. భైరవపాలెం, బలుసుతిప్ప పక్క ఇళ్లకు ఇళ్లే మగోళ్లు లేకుండా అయిపోయినాయి. బాబాయ్ కట్టిన పడవలు కూడా అందులో ఉండినాయా అని అడగాలనుకున్నాను, అడగలేదు. ఆయనే చెప్పినాడు. “ఆ ఏడు చేసిన మూడింట్లో ఒకటి వచ్చింది. ఎవరూ నన్నేం అనలేదమ్మా. కానీ ఆ తర్వాత కొన్నాళ్లు మేకు కొట్టేటప్పుడల్లా రెండోసారి ఊపి చూసేవోణ్ణి.”

ఇప్పుడు ఆ గట్టుకు వచ్చిన కొత్త గాలి పేరు ఫైబరు. అచ్చు ఒకటి చేసుకుంటే చాలు. దాంట్లో గాజు నార పరిచి, జిగురు రసాయనం పూసి, మళ్లీ నార, మళ్లీ జిగురు. ఆరినాక అచ్చులో నుంచి ఊడదీస్తే పడవ. మళ్లీ అదే అచ్చులో ఇంకోటి. తేలిక, నలుగురు ఇసక మీదికి లాగేయొచ్చు. కొయ్యను తొలిచే సముద్రపు పురుగు దాన్ని ముట్టదు. ఏటేటా దూది కూరే పని లేదు. వేటకు పోయేవాడు అదే కావాలంటే వాణ్ణి తప్పు పట్టేదానికి లేదు, డీజిలుకు డబ్బు పెట్టేది వాడు. విశాఖ పక్క తెప్పలు కూడా ఇప్పుడు ఎక్కువగా ఫైబరువే.

కానీ రెండు విషయాలు నాకు మింగుడుపడలేదు. కొయ్య పడవ ముసలిదైతే దాని పలకలు తలుపవుతాయి, బల్ల అవుతాయి, చివరికి పొయ్యిలో కట్టె అవుతాయి. ఫైబరు పడవ పగిలిపోతే ఏమీ కాదు, ఒడ్డున పడి ఉంటుంది. మేము చూసిన ఒక పాత ఫైబరు డొప్పలో వాననీళ్లు నిలిచి దోమలు లేస్తాన్నాయి. రెండోది ఆ గాజు పొడి. ఫైబరును రుద్దే పిల్లోళ్లు ముక్కుకు చేతిగుడ్డ కట్టుకుని చేస్తాన్నారు. చేతులంతా దురద, రాత్రుళ్లు దగ్గు అని చెప్పినారు. నూలు మిల్లుల్లో పత్తి దుమ్ము మింగిన కుటుంబాలకు నేను దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మన మాలూరు పెంకులకు ఏమైందో చూసినాము గదా. ఒకప్పుడు మాలూరు అంటే పెంకులు, ఇటుకలు. కాంక్రీటు మిద్దెలు వచ్చినాక పెంకు అడిగేవాడు తగ్గినాడు. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ గనులు మూసినప్పుడు వేలమంది ఒక్కదినం చేతులు ముడుచుకున్నారు. అది అందరికీ తెలిసింది, పేపర్లో పడింది. తాళ్లరేవు గట్టు మీద పని అట్ల ఒక్కదినం ఆగదు. ఈ ఏడు ఒక పడవ తక్కువ, వచ్చే ఏడు ఇద్దరు మనుషులు తక్కువ. దానికి వార్త ఉండదు.

మా లైన్ పిల్లోని చిక్కు ఇక్కడే ఉంది. తండ్రికి ఇంకా పని వస్తాంది. పెద్ద పడవలకు కొయ్యే కావాలనే యజమానులు ఇప్పటికీ ఉన్నారు. పాత పడవల మరమ్మతు ఉండనే ఉంది. కానీ పలక రెండో కొస పట్టేదానికి మనిషి లేడు. పట్టేవాళ్లు దొరికినా గడ్డం ఎత్తితే అర్థమయ్యేవాళ్లు లేరు. పిల్లోనికి పోవాలని ఉంది. మే నెల వస్తే వాని మొహమే చెపుతుంది. కానీ ఆ పని ఏడాదిలో రెండు నెలలు ఉరుకులు, తరువాత ఎప్పుడు ఆర్డరు వస్తే అప్పుడు. ఇక్కడ నెలకొకసారి జీతం పడుతుంది, ఈఎస్ఐ కార్డు ఉంది. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు పిల్ల వాళ్లు అడిగేది కూడా ‘పర్మనెంటు అవుతాదా?’ అనే.

నేను అనుకున్నట్టు తండ్రి రమ్మని, కొడుకు రానని కాదు. తిరగబడి ఉంది కథ. రాత్రి భోజనాల కాడ తండ్రే అన్నాడు, “ఒరేయ్, నువ్వు అక్కడే ఉండు. నా నడుం చూడు. ముప్పై ఏళ్లు వంగి పనిచేత్తే ఇలాగే అవుతాది. నీకు ఆ వంపు వద్దు.” పిల్లోడు కంచంలోకే చూస్తా, “నువ్వు ఒక్కడివే ఎలా లాగుతావు?” అన్నాడు. వాళ్లమ్మ చారు వడ్డించి, ఇద్దరినీ తినమంది. ఇంకెవరూ మాట్లాడలేదు.

పోయిన రెండేళ్లూ వాడు జీతం లేని సెలవు పెట్టి మే నెలంతా ఊళ్లో పనిచేసినాడు. వచ్చినాక కాంట్రాక్టరు వాణ్ణి కొత్తగా చేరినట్టు రాసుకున్నాడు. అంటే సర్వీసు మళ్లీ మొదటి నుంచి. ఇట్ల అయితే పర్మనెంటు లిస్టులోకి పేరు ఎప్పటికీ ఎక్కదు. ఈ ఏడు, ‘పోతే పో, తిరిగి రాకు’ అని ముందే చెప్పేసినాడు. మన యూనియన్ వాళ్లు మాట్లాడతామన్నారు. బిల్డింగు పనికీ, బెల్లం గానుగకూ, పడవలకూ కాలాన్ని బట్టి పోయే కూలీలు మన లైన్లలో ఎంతమంది ఉన్నారో లెక్క తీస్తే, ఇది ఒక పిల్లోని సంగతి కాదని తెలుస్తుంది. ఆ లెక్క తీసేదానికి కాగితం నేను మొదలుపెట్టినాను, పేర్లు ఇచ్చేవాళ్లు సాయంత్రం మా ఇంటికాడికి రండి.

ఈ మే నెలలో వాడు పోలేదు. తండ్రి పక్క ఊరి నుంచి ఇద్దరిని కూలికి పెట్టుకున్నాడు. పలకలు రెండు విరిగినాయంట.

పోయిన ఆదివారం మేమంతా చెరువు కట్ట మీదికి పోయినాము. నీళ్లు లేని పక్క, సర్కారు నాటిన తుమ్మ చెట్ల నడుమ, ఒకటి నేల నుంచి నడుమెత్తు దాకా ఏటవాలుగా పోయి అక్కడ్నుంచి కొడవలి మాదిరి పైకి తిరిగింది. పిల్లోడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, చేత్తో జానలు కొలిచి, సెల్లులో ఫోటో తీసి తండ్రికి పంపించినాడు. ఐదు నిమిషాలకు ఆయన గొంతు వచ్చింది, అందరమూ విన్నాము. “ఆయ్, మంచి వంపురా. అణియానికి సరిగ్గా సరిపోద్ది. అక్కడి నుంచి ఇక్కడికి లారీ కిరాయి ఎంతవుద్దో కనుక్కో ముందు.”